జీపీఏ తక్కువైన కాబోయే డాక్టరుగారికి

అమెరికాలో డిగ్రీ మార్కులు తక్కువొచ్చిన పిల్లోడు మెడిసిన్‌కు అప్లికేషన్ పెట్టాలా వద్దా అనేదాని మీద తిరుపతిలో కూర్చుని నువ్వేం చెప్తావయ్యా అని కొందరు అడుగుతున్నారు. మేం కాక ఇంకెవరు చెప్పాలి? బైరాగిపట్టెడలో ఏ వీధి తీసుకున్నా ఒకింట్లో పిల్ల నీట్ లాంగ్ టర్మ్‌లో ఉంటుంది, పక్కింటి పిల్లోడు డల్లాస్‌లో ఉంటాడు, ఇద్దరి మార్కులూ మూడో ఇంటాయనకు నోటికొచ్చు. ఆ మూడో ఇంటాయన హోదాలోనే ఈ నాలుగు మాటలు.

మా బావ కొడుకు అక్కడే పుట్టి పెరిగాడు. బయాలజీ డిగ్రీ, జీపీఏ అంటే గ్రేడ్ల సగటు నాలుగుకి 2.9. మా బావ దాన్ని నాలుగుతో భాగించి, వందతో గుణించి, డెబ్బై రెండున్నర శాతం ఫస్ట్ క్లాసని చిత్తూరు నుంచి మదనపల్లె దాకా ఉన్న చుట్టాలందరికీ చెప్పేశాడు. అక్కడ డిగ్రీ అయ్యాకే మెడిసిన్, మన ఎంబీబీఎస్ లాంటి దాన్నే ఎండీ అంటారు. ఆ ఎండీ కాలేజీల్లో చేరేవాళ్ల సగటు 3.7 పైనే ఉంటుందన్న సంగతి ఆయనకు తెలుసు, కానీ చుట్టాలు అడగలేదు గనక ఆయనా చెప్పలేదు.

అమెరికా వాళ్లు మహా పట్టింపు మనుషులు. మన దగ్గర ఇంటర్‌లో మార్కులు తక్కువొస్తే ఇంప్రూవ్‌మెంట్ రాస్తాం, ఏది ఎక్కువైతే అదే మన మార్కు, పాతది గాలికి పోతుంది. అక్కడ ఏఎంసీఏఎస్ అని ఎండీ కాలేజీలకు ఉమ్మడి దరఖాస్తు ఉంది. దాంట్లో ఆర్గానిక్ కెమిస్ట్రీ తప్పి, మళ్లీ చదివి, ఏ గ్రేడ్ తెచ్చుకున్నా సరే, ఆ మొదటి ఎఫ్ అక్కడే కూర్చుని ఉంటుంది, రెండూ కలిపే సగటు తీస్తారు. డాక్టర్లను తయారుచేసే ఇంకో రకం కాలేజీలు, ఆస్టియోపతి కాలేజీల వాళ్లు కొంచెం దయగలవాళ్లు, కొత్త గ్రేడ్ మాత్రమే చూసేవాళ్లు, 2017లో వాళ్లూ ఆ దయ మానేశారు. చిత్రగుప్తుడు గ్రీన్ కార్డ్ తీసుకుని అక్కడే స్థిరపడ్డాడని నా అనుమానం.

అయితే పూర్తిగా రాతిగుండె వాళ్లని కూడా అనలేం. ఎంక్యాట్ అని ఏడున్నర గంటలు కూర్చోబెట్టే మెడికల్ ప్రవేశ పరీక్షలో స్కోరు 472 దగ్గర మొదలై 528 దగ్గర ఆగుతుంది. అంటే ఒక్క ప్రశ్నకూ సమాధానం రాకపోయినా, కొండమీద దర్శనం చేసుకున్న ప్రతివాడి చేతిలో ఉచిత లడ్డూ పెట్టినట్టు, 472 చేతిలో పెట్టి పంపుతారు. మన నీట్‌లో తప్పు రాస్తే ఉన్న మార్కే పీకేస్తారు.

గ్రేడ్ తగ్గిన పాపానికి ప్రాయశ్చిత్తాలూ ఉన్నాయి, వాటికి టికెట్ రేటు ఉంది, అంతే. పోస్ట్ బ్యాక్ అంటారు, స్పెషల్ మాస్టర్స్ అంటారు, ఫీజు కట్టి ఇంకో ఏడాదో రెండేళ్లో సైన్స్ చదివి నేను మారానని నిరూపించుకోవాలి. అదీ కుదరకపోతే కరీబియన్ దీవుల్లో మెడికల్ కాలేజీలు ఉండనే ఉన్నాయి, మనవాళ్లకు జార్జియా, ఫిలిప్పీన్స్ ఎట్లనో వాళ్లకు అవి అట్ల.

ఇంత బాధ ఎందుకు, పిల్లోణ్ణి ఇక్కడికే తోలెయ్ బావా అన్నాను నేను. మన దేశంలో ఎంబీబీఎస్‌కు డిగ్రీ మార్కులు అడిగే నాథుడే లేడు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ వాళ్లకు యాభై శాతం, తర్వాత అంతా నీట్ ర్యాంకు. 2022లో గరిష్ఠ వయసు నిబంధన కూడా ఎత్తేశారు గనక బీఎస్సీ సప్లీలతో గడిపినవాడూ, ఆ సప్లీలకు ఇన్విజిలేటర్‌గా వచ్చినవాడూ పక్కపక్క బెంచీల్లో కూర్చుని నీట్ రాసుకోవచ్చు.

బావ ఎన్ఆర్ఐ కోటా సంగతేందని అడిగాడు. మనిషన్నాక ఆశ ఉంటుంది. పంజాబ్ ప్రభుత్వం 2024లో ఆ కోటాను మామలకూ అత్తలకూ తాతలకూ విస్తరించి, విదేశాల్లో చుట్టం ఉంటే చాలు అన్నంత ఉదారంగా నోటిఫికేషన్ ఇచ్చింది. హైకోర్టు కొట్టేసింది, సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇది మోసం, ఆపండి అని తేల్చేసింది. ఆ తీర్పు మన జిల్లాకు ఎంత నష్టమో న్యాయమూర్తులు ఆలోచించినట్టు లేదు. చిత్తూరులో ఒక పెళ్లి భోజనాల పంక్తిలో నిలబడి "మామా" అని కేకేస్తే సగం మంది తలెత్తుతారు, వాళ్లలో కనీసం ముగ్గురి పిల్లలు న్యూజెర్సీలో ఉంటారు.

కానీ నేను బావకు ధైర్యం చెప్పింది ఇంకో కబురుతో. 2023లో, ఎంబీబీఎస్ అయ్యాక రాసే నీట్ పీజీలో సీట్లు మిగిలిపోతున్నాయని కేంద్రం అర్హతను అన్ని కేటగిరీలకూ సున్నా పర్సంటైల్‌కు దించింది. సున్నా పర్సంటైల్ అంటే సున్నా మార్కులని పొరబడేరు. పరీక్ష రాసినవాళ్లలో అందరికన్నా అడుగున ఉన్నవాడి స్థానం అది, నెగటివ్ మార్కులున్న పరీక్ష గనక సున్నాకు కిందున్నవాళ్లకూ కౌన్సెలింగ్ తలుపు తీశారన్న మాట. ఎంబీబీఎస్ గేటు దగ్గర ఒక్క మార్కుకు వేల ర్యాంకులు తేడా కొట్టి పిల్లలు ఏడుస్తుంటే కరగని వ్యవస్థ, ఖాళీ సీటు కనపడగానే ఎంత మెత్తబడిందో చూడండి. పేషెంటుకు ఏమైనా ఫర్వాలేదు గానీ సీటు ఒంటరిగా ఉండకూడదు. కాబట్టి పిల్లోడా, నీ 2.9 సమస్య కాదు, నువ్వు క్యూ ఉన్నచోట నిలబడటం సమస్య.

అయినా వాడు అక్కడే అప్లై చేస్తానంటున్నాడు. సరే, క్లినికల్ అనుభవం గంటల్లో రాయాలట, డాక్టరు వెంట తిరగడాన్ని షాడోయింగ్ అంటారట. ఈ లెక్కన తిరుపతిలో ప్రతి ఇంట్లో ఒక అభ్యర్థి ఉన్నాడు. మొన్న సెలవుల్లో వచ్చినప్పుడు వీడి అవ్వను పెద్దాసుపత్రిలో చేర్పిస్తే వరండాలో చాప వేసుకుని పడుకున్నాడు, సెలైన్ అయిపోగానే నర్సమ్మను లేపింది వాడే, చీటీ పట్టుకుని బ్లడ్ బ్యాంకుకు పరిగెత్తింది వాడే, పక్క మంచం ముసలాయనకు క్యారియర్ మూత తీసి ఇడ్లీ తినిపించిందీ వాడే. ఇవి ఏ కాలమ్‌లో రాయాలని అడిగాడు. నిజంగా నాకూ తెలియలేదు. జీపీఏ కాలమ్ అయితే ముందు పేజీలోనే ఉంది.

చివరగా వ్యాసం. డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నావో 5,300 అక్షరాలు మించకుండా రాయాలి. అబద్ధాలు రాకుండా ఉండాలంటే నా సలహా ఒకటే, రాసిన కాగితం కాణిపాకం తీసుకెళ్లి, కోనేట్లో మునిగి, వినాయకుడి ముందు నిలబడి చదవాలి. పిల్లోడు వెంటనే సరేనన్నాడు. మరి ఆ కోరిక ఎవరిదో వాళ్ల నాన్న కూడా ప్రమాణం చెయ్యాలి కదా అన్నాను. మా బావకు నీళ్లు పడవట.