సామ్ మూర్ గొంతుకు నెలకు 73 డాలర్లు

అమెరికా నల్లజాతీయుల సోల్ సంగీతం అంటే చెవి కోసుకునేవాళ్లకు సామ్ మూర్‌ని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. 2025 జనవరి 10న ఫ్లోరిడాలోని కోరల్ గేబుల్స్‌లో, ఆపరేషన్ తర్వాత తలెత్తిన సమస్యలతో ఆయన చనిపోయారు. వయసు 89. నివాళులన్నీ దాదాపు ఒకే మూసలో వచ్చాయి. 'సామ్ అండ్ డేవ్' జోడీలో ఒకరు, 'సోల్ మ్యాన్' పాడిన గొంతు, గ్రామీ, 1992లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్. నాకు మాత్రం ఆయన పేరు వినగానే గుర్తొచ్చేది 1994లో ఆయనే విలేకరులకు చెప్పిన ఒక లెక్క. లక్షల కొద్దీ రికార్డులు అమ్ముడైన ఆ గాయకుడికి రావాల్సిన పెన్షన్ మొత్తం 2,285 డాలర్లని తేల్చారు. ఒకేసారి తీసుకోవచ్చు, లేదా నెలకు 73 డాలర్ల చొప్పున తీసుకోవచ్చు. ఒక జీవితానికి రెండు వేల డాలర్లా అని ఆయన నిలదీశారు. నా మీద లాభం చేసుకుంటుంటే నాకూ ఇంత ఇవ్వండి, అంతేగానీ మొక్కజొన్న రొట్టె చేతిలో పెట్టి బిస్కెట్ అని నమ్మించకండి అన్నారు.

ఆయన కథ క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1935లో మయామిలో పుట్టారు. చర్చిలో పాడుతూ పెరిగారు. 1961లో అక్కడి కింగ్ ఆఫ్ హార్ట్స్ క్లబ్బులో డేవ్ ప్రేటర్ కలిశాడు. అట్లాంటిక్ రికార్డు కంపెనీ వాళ్లతో సంతకం పెట్టించుకుని, మెంఫిస్‌లోని స్టాక్స్ స్టూడియోకు అరువిచ్చింది. అవును, మనుషుల్నే అరువిచ్చింది. 1966 నుంచి రెండేళ్ల పాటు హిట్ మీద హిట్. 1968లో స్టాక్స్, అట్లాంటిక్ విడిపోయాయి. అరువు సొమ్ము కాబట్టి జోడీ అట్లాంటిక్‌కు తిరిగెళ్లింది, అక్కడితో హిట్లు ఆగిపోయాయి. హెరాయిన్, స్టేజీ దిగితే ఒకరి ముఖం ఒకరు చూడని ఏళ్లు, 1981 డిసెంబర్ 31న ఆఖరి కచేరీ, 1988లో కారు ప్రమాదంలో డేవ్ మరణం. సామ్‌ను మత్తు నుంచి బయటపడేసింది భార్య జాయిస్. ఆ తర్వాత హక్కుల పోరాటంలోనూ ఆమె పక్కనే నిలిచింది.

ఇప్పుడు 'సోల్ మ్యాన్' రికార్డింగ్ దగ్గరికి వద్దాం. ఈ పాట రాసింది ఐజాక్ హేస్, డేవిడ్ పోర్టర్. 1967లో డెట్రాయిట్ అల్లర్లలో నల్లజాతీయుల దుకాణాల జోలికి రావద్దని గోడల మీద 'సోల్' అని రాసుకోవడం హేస్ టీవీలో చూశాడు. పాట అక్కడ పుట్టింది. ఆ ఘనత వాళ్లదే, అందులో వివాదం లేదు. కానీ రికార్డు పెట్టుకుని వినండి. పల్లవి మధ్యలో గిటార్ చిన్న విరుపు విరవగానే, సామ్ ఆ వాయించే స్టీవ్ క్రాపర్‌ను పేరు పెట్టి పిలిచి, వాయించు అని అరుస్తారు. స్టూడియోలో ఆ క్షణాన ఊపొచ్చి నోట్లోంచి వచ్చిన కేక అది. ఇవాళ ఆ కేక లేకుండా ఆ పాటను ఊహించలేం.

1978లో హాస్యనటులు జాన్ బెలూషి, డాన్ అక్రాయిడ్ 'బ్లూస్ బ్రదర్స్' వేషాలు కట్టి అదే పాట పాడారు. గిటార్ మళ్లీ క్రాపర్‌దే. బెలూషి కూడా సరిగ్గా అక్కడే ఆగి, అదే పేరు పెట్టి, అదే కేక వేశాడు. ఆ రికార్డు దేశమంతా మోగింది. రాసినవాళ్లకు డబ్బులొచ్చాయి, తప్పేం లేదు. ఎవరి కేకను అనుకరించారో ఆయనకు మాత్రం చట్టప్రకారం పైసా రాదు. గాయకుడు పాటకు ఏం చేర్చాడు అని అడిగేవాళ్లకు నా జవాబు ఆ ఒక్క కేక. అది చేర్పు కాకపోతే బెలూషి ఎందుకు ఎత్తుకున్నాడు?

అమెరికా చట్టంలోని అన్యాయం ఇక్కడితో ఆగలేదు. ఏఎం, ఎఫ్ఎం రేడియోలో పాట వేస్తే రచయితకు, స్వరకర్తకు, పబ్లిషర్‌కు డబ్బు కట్టాలి, పాడినవాళ్లకు అక్కర్లేదు. ఇప్పటికీ అంతే. 1995లో ఒక చట్టం వచ్చి శాటిలైట్, ఇంటర్నెట్ ప్రసారాల వరకు పాడినవాళ్లకూ డబ్బొచ్చే దారి చూపించింది. ఆ డబ్బులో 45 శాతం లేబుల్ (రికార్డు కంపెనీ) చేతికి చిక్కకుండా నేరుగా ప్రధాన గాయకుడికే వెళ్లే ఏర్పాటు ఉంది, చాలా మంచి ఏర్పాటు. కానీ రికార్డింగులకు ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే) చట్టం రక్షణ మొదలైందే 1972లో. అంతకు ముందు పాడినవాటికి ఈ డబ్బు గ్యారంటీ లేదు. సామ్ హిట్లన్నీ 1972కి ముందువే! ఆ గండి పూడ్చిన చట్టం 2018లో వచ్చింది, అప్పటికి ఆయనకు 80 దాటాయి.

రేడియో కంపెనీల వాదన అందరికీ తెలిసిందే. మేం వేయబట్టే పాట జనంలోకి వెళ్తోంది, ఆ ప్రచారమే మీకు ప్రతిఫలం, పైగా చిన్న ఊళ్ల స్టేషన్లు ఈ భారం మొయ్యలేవు అంటారు. చిన్న స్టేషన్లకు నామమాత్రపు ఫీజు పెడితే సరిపోతుంది, 2021లో ప్రవేశపెట్టిన బిల్లులో ఆ ఏర్పాటు ఉంది కూడా. ఇక ప్రచారం సంగతంటారా, అరవై ఏళ్ల కిందటి పాటకు ప్రచారం ఎవరికి కావాలి? ఆ పాట వల్ల మధ్యలో ప్రకటనలు అమ్ముకునేది స్టేషనే.

సామ్ ఊరుకునే మనిషి కాదు. 1993లో రికార్డు కంపెనీల మీద, తన సొంత యూనియన్ పెన్షన్ ఫండ్ మీద ఎందరో పాత గాయకుల తరఫున కోర్టుకెక్కారు. 2007లో అమెరికా కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, ఉపసంఘం ముందు కూర్చుని రేడియో రాయల్టీ కోసం సాక్ష్యం చెప్పారు. 1996లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన బాబ్ డోల్ ఎన్నికల ప్రచారానికి 'సోల్ మ్యాన్' మాటలు మార్చి పాడితే, హక్కులున్న పబ్లిషింగ్ కంపెనీ అభ్యంతరం చెప్పింది. సామ్ రాజకీయాలతో నాకు పని లేదు. కానీ లోకమంతా ఎవరి గొంతుతో గుర్తుపడుతుందో, ఆ మనిషికే ఆ పాట మీద మాట చెల్లకపోవడం చూడండి.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనుకుంటే పొరపాటే. మన దగ్గర ఇంతకంటే ఘోరం. ఘంటసాల 1974లో పోయారు. ఆయన బతికున్నంత కాలం మన చట్టంలో గాయకుడి హక్కు అనేదే లేదు. 1994 సవరణతో వచ్చింది, దానికీ ఒక మెలిక పెట్టారు. సినిమాలో వాడటానికి ఒప్పుకుని పాడితే ఆ హక్కు వర్తించదట. మన గాయకులు పాడేదే సినిమాలకు, ఇక ఏం మిగిలినట్టు? 2012 సవరణ వస్తే గానీ, ఆ గానాన్ని వ్యాపారానికి వాడుకుంటే గాయకుడికీ రాయల్టీ ఇవ్వాలన్న మాట చట్టంలోకి ఎక్కలేదు. మరుసటి ఏడాది గాయకుల హక్కుల సంఘం పుట్టింది. లతా మంగేష్కర్ ఈ మాట 1960ల్లోనే అడిగారు. ఫీజు తీసుకున్నాక ఇంకేముంటుంది అని రఫీ అంటే, ఇద్దరూ కొన్నేళ్లు కలిసి పాడటమే మానేశారు. రఫీ మనసు వెన్నే, కాదనను. ఈ విషయంలో మాత్రం లతాదే న్యాయం.

2017లో బాలు అమెరికా పర్యటనలో ఉండగా ఇళయరాజా తరఫు లాయర్ల నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా తన పాటలు పాడకూడదని. అప్పుడు మనమంతా చేసిందేమిటి? ఇద్దరిలో ఎవరు గొప్ప అని కొట్టుకున్నాం. స్వరకర్త హక్కు స్వరకర్తదే. కానీ ఆ పాటలు మోగిన ప్రతిచోటా బాలుకు రావాల్సిన వాటా ఎంత, అది అందుతోందా అని ఆ గోలలో అడిగినవాళ్లు చాలా తక్కువ.

ఇక ముందున్నది ఇంకా పెద్ద టెన్షన్. ఇన్నాళ్లూ గాయకుడు కనీసం ఒకసారి వచ్చి పాడాల్సి ఉండేది, ఆ ఒక్క ఫీజైనా దక్కేది. ఏఐ వచ్చాక అదీ అక్కర్లేదు. 2023లో వచ్చిన ఒక తెలుగు సినిమాలో తన తండ్రి బాలు గొంతును అనుమతి లేకుండా ఏఐతో సృష్టించారని ఎస్పీ చరణ్ మరుసటి ఏడాది లీగల్ నోటీసు పంపారు. దాదాపు అదే సమయంలో ఏఆర్ రెహమాన్ ఒక తమిళ పాటకు చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు ఇలాగే వాడారు, కానీ కుటుంబాలను అడిగి, డబ్బిచ్చి వాడానని చెప్పారు. అడిగి, ఇచ్చి వాడుకోవడం సాధ్యమేనని రుజువైపోయింది కదా!

చట్టం మాత్రం ఇక్కడ తడబడుతోంది. గాయకుడి హక్కు ఆయన పాడిన పాటకు పనికొస్తుంది. యంత్రం ఆయన గొంతుతో పాడినది ఆయన పాడలేదుగా అని తప్పించుకోవచ్చు. 2024 జులైలో, తన గొంతును ఏఐతో కాపీ చేస్తున్నారని గాయకుడు అరిజిత్ సింగ్ వేసిన కేసులో బొంబాయి హైకోర్టు ఆ దారి మూసేందుకు వ్యక్తిత్వ హక్కులను (తన పేరు, రూపం, గొంతు మీద మనిషికుండే హక్కులను) ఆధారం చేసుకుని మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. కోర్టుకెళ్లే స్తోమత అరిజిత్‌కు ఉంది. కోరస్ పాడే అమ్మాయికి ఉందా? అదే ఏడాది టెనెసీ రాష్ట్రం, అంటే సామ్ హిట్లు పాడిన మెంఫిస్ ఉన్న రాష్ట్రం, ఏఐ కాపీల నుంచి మనిషి గొంతుకు రక్షణ కల్పిస్తూ చట్టం చేసింది. మనకు అలాంటిది పార్లమెంటు చెయ్యాలి.

అది వచ్చేదాకా పాట పాడేముందు సంతకం పెట్టే కాగితమే దిక్కు. ఈ గొంతును ఏఐకి నేర్పించడానికి వాడకూడదని, వాడితే విడిగా అనుమతి, విడిగా వాటా ఉండాలని అందులో రాయించుకోవాలి. నిన్నగాక మొన్న టీవీ పోటీలో గెలిచి వచ్చిన కుర్రాడు నిర్మాతను ఈ మాట అడగలేడు, అడిగితే ఇంకొకరిని పిలుస్తారు. అడగాల్సింది పేరున్న సీనియర్లు. లతా అడిగినప్పుడు ఆవిడ లేకుండా సినిమా లేదన్న రోజులు, అందుకే ఆ మాటకు విలువొచ్చింది. సామ్ మూర్ కోర్టుకెక్కేసరికి అరవై దగ్గరపడ్డాయి, హిట్లు ఆగి పాతికేళ్లయింది. మన సీనియర్లు అంతదాకా ఆగకుండా, వచ్చే పాట కాంట్రాక్టులోనే ఈ షరతు పెట్టించాలి.