లైన్లో ఆగి ఫ్లైట్ మిస్సయితే పది వేలు ఎవరూ ఇవ్వరు

ఆ మెసేజ్ ఈ వారంలో నాకు ఆరోసారి వచ్చింది. మొదట మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, తర్వాత ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో, ఆ పైన బాబాయ్, మేనత్త, ఆఫీసులో పక్క సీటు ఆయన, నిన్న రాత్రి మళ్ళీ అపార్ట్‌మెంట్ గ్రూపులోనే. 'వైజాగ్ ఎయిర్‌పోర్టు దోపిడీ: ప్రతి ప్రయాణికుడూ తెలుసుకోవాల్సిన ఏడు నిజాలు' అని పైన ఉంటుంది, కనీసం పది గ్రూపులకు పంపమని కింద ఉంటుంది. రాసినవాళ్ళ పేరు లేదు, తేదీ లేదు. అయిదుసార్లు చూసి ఊరుకున్నాను. ఆరోసారి ఊరుకోలేకపోతున్నాను, ఎందుకంటే ఇందులో ఒక పాయింటు నమ్మి మా పిన్ని కొడుకు ఇప్పటికే నష్టపోయాడు.

అది ఆరో పాయింటు. అందుకే వరస పక్కనపెట్టి దాంతోనే మొదలుపెడుతున్నా. సెక్యూరిటీ లైన్ వల్ల ఫ్లైట్ మిస్సయితే, విమానాలకి రూల్స్ పెట్టే డీజీసీఏ రూల్ ప్రకారం ఎయిర్‌లైన్ మీకు 10,000 రూపాయలు ఇవ్వాలట, తర్వాతి ఫ్లైట్లో ఫ్రీగా పంపాలట, కాబట్టి రెండు గంటల ముందు పరిగెత్తక్కర్లేదట, ముప్పావుగంట ముందు వెళ్తే చాలట.

అలాంటి రూల్ లేదు. ఎక్కడా లేదు. ఆ పది వేలు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చెబుతాను, ఎందుకంటే అంకె నిజమే, దాన్ని తెచ్చి అతికించిన చోటు తప్పు. ఎయిర్‌లైన్ ఉన్న సీట్ల కంటే ఎక్కువ టికెట్లు అమ్మేసి, టైముకి వచ్చి చెకిన్ చేసుకున్న మనిషిని ఎక్కించుకోకపోతే, అప్పుడు నష్టపరిహారం ఉంది. గంటలోపు బయల్దేరే ఇంకో ఫ్లైట్లో పంపితే ఏమీ రాదు. 24 గంటల లోపు పంపితే ఒకవైపు బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి దానికి రెండింతలు ఇవ్వాలి, గరిష్ఠంగా 10,000. అంతకంటే ఆలస్యమైతే నాలుగింతలు, గరిష్ఠంగా 20,000. ముందుగా చెప్పకుండా ఫ్లైట్ క్యాన్సిల్ చేసినప్పుడు ఇచ్చే డబ్బు లెక్క ఇంకొకటి ఉంది, అందులోనూ 10,000 అనే అంకె వస్తుంది, కానీ అది రెండు గంటలు దాటిన ప్రయాణాలకి. తుఫాను లాంటి వాటికి ఆ డబ్బు కూడా రాదు. ఫ్లైట్ ఆలస్యమైనా కొన్ని హక్కులున్నాయి. మన హైదరాబాద్ ఫ్లైట్ లాంటి చిన్న ప్రయాణమైతే రెండు గంటలు దాటితే తినడానికి ఏదైనా పెట్టాలి, ఆరు గంటలు దాటేలా ఉంటే ఇంకో ఫ్లైటో, డబ్బు వాపసో అడగొచ్చు. వీటన్నిటికీ ఒకటే షరతు, నువ్వు టైముకి వచ్చి ఉండాలి. లైన్లో ఆగిపోయి గేటు మూసేశాక చేరినవాణ్ణి రానివాడి కిందే లెక్కేస్తారు. ఆ లైన్ ఎయిర్‌లైన్‌ది కాదు, ఎయిర్‌లైన్ డబ్బు ఇవ్వదు.

మావాడు బెంగళూరులో ఉద్యోగంలో చేరాల్సిన రోజు అది. ఇంట్లోంచి బయల్దేరేముందు పిన్ని రెండుసార్లు అడిగిందట, 'ఇంకా వెళ్ళవేంట్రా' అని. వాడు ఈ మెసేజ్ చూపించాడట. చెకిన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు, బోర్డింగ్ గేటు దాదాపు 25 నిమిషాల ముందు మూస్తారు, ఇవి టికెట్ మీదే ఉంటాయి. వాడు వెళ్ళేసరికి కౌంటర్ మూసి పది నిమిషాలైంది, చేతిలో పెద్ద సూట్‌కేసు. అక్కడున్న అమ్మాయికి ఫోనులో మెసేజ్ తీసి చూపించి పది వేలు అడిగాడు. ఆ అమ్మాయి ఏం చేస్తుంది? సాయంత్రం ఫ్లైట్‌కి కొత్త టికెట్ కొనుక్కోమంది. పిన్ని చీటీ డబ్బు తీసి పంపింది. జాయినింగ్ మర్నాటికి మారింది, కానీ మొదటి రోజే ఆలస్యంగా వచ్చినవాడన్న పేరుతో మొదలైంది వాడి ఉద్యోగం. ఈ మెసేజ్ రాసిన పెద్దమనిషి ఆ టికెట్ డబ్బు ఇస్తాడా? పది గ్రూపులకు పంపినవాళ్ళు తలా కొంచెం వేసుకుంటారా?

వాడికి నిజంగా పనికొచ్చే రూల్ ఒకటి ఉంది, అది ఈ ఏడు నిజాల్లో లేనే లేదు. ఎంత నాన్ రిఫండబుల్ టికెట్ అయినా, నువ్వు ఎక్కకపోయినా, అందులో కట్టిన పన్నులూ యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు లాంటి ఎయిర్‌పోర్టు ఛార్జీలూ వాపసు ఇవ్వాలి. అడగాలి, అడిగితే వస్తాయి. మావాడి చేత అడిగించాను, వచ్చాయి. చిన్న మొత్తమే, కానీ అది వాడి డబ్బు.

ఇక పార్కింగ్. దేశమంతా అన్ని ఎయిర్‌పోర్టుల్లో మొదటి అరగంట ఫ్రీ, డబ్బు అడిగితే ఇవ్వకండి అని రాశారు. దేశమంతటికీ ఒకే అరగంట అని ఏదీ లేదు. ఎయిర్‌పోర్టుని బట్టి మారుతుంది, అక్కడ లోపలికి వెళ్ళే చోట బోర్డు మీద ఏముందో అదే లెక్క. ఈ మెసేజ్ నమ్మి ఎగ్జిట్ బూత్ దగ్గర కారు ఆపి వాదన పెట్టుకున్న ఒకాయన వెనకాల నేను నిలబడ్డాను, నా వెనకాల ఇంకా ఎనిమిది కార్లు. బూత్‌లో కూర్చున్న కుర్రాడు రేటు నిర్ణయించేవాడు కాదు, వాడి మీద అరిచి ఏం లాభం? చెయ్యాల్సింది వేరే ఉంది. లోపలికి వస్తూనే టోకెన్ మీద టైము చూసుకోండి, బోర్డు ఫోటో తీసుకోండి, బోర్డు కంటే రూపాయి ఎక్కువ తీసుకుంటే రసీదుతో విమానయాన శాఖ వాళ్ళ ఎయిర్‌సేవ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. 2016 నుంచీ ఉంది ఆ పోర్టల్. ఎక్కువ వసూలు చేయరని నేను అనడం లేదు, మెసేజ్‌లో ఉన్న అరగంట అబద్ధం అంటున్నాను.

పార్కింగ్ కాంట్రాక్టరుకి డబ్బు రావాలని రోడ్డు కావాలనే జామ్ చేస్తున్నారన్నది ఇంకో పాయింటు. ఊళ్ళోంచి ఎయిర్‌పోర్టుకి వచ్చే దారిలో ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఒకవైపు గోపాలపట్నం, పెందుర్తి రోడ్డు వచ్చి కలుస్తుంది. షీలానగర్ దగ్గర పోర్టు రోడ్డు వచ్చి హైవే ఎక్కుతుంది, దాని మీద వచ్చేవన్నీ లోడు లారీలు. గాజువాక వైపు స్టీల్‌ప్లాంట్ షిఫ్టు మారే వేళ ఎలా ఉంటుందో అటు ఉండేవాళ్ళని అడగండి. ఈ ముక్క మీదే ఎయిర్‌పోర్టు మలుపు ఉంది. ఫ్లైఓవర్ వచ్చాక ఎన్ఏడీ జంక్షన్ దాటడం చాలా నయమైంది, కానీ ఫ్లైఓవర్ దిగిన తర్వాత అందరం మళ్ళీ ఆ లారీల మధ్యకే వచ్చి పడతాం. దీనికి కుట్ర అక్కర్లేదు. టెర్మినల్ ముందు జామ్ సంగతికొస్తే, దాన్ని చేసేది సగం మనమే. పార్కింగ్ డబ్బు మిగుల్చుకోవాలని అప్రోచ్ రోడ్డు పక్కన హజార్డ్ లైట్లు వేసి ఆగిన కార్లు లెక్కపెట్టండి ఒకసారి. ఒక మనిషిని దింపడానికి అయిదుగురు రావడం, డిక్కీ తెరిచిపెట్టి సెల్ఫీలు దిగడం, వెనకాల క్యాబ్ హారన్ కొడితే కళ్ళెర్రజేయడం. ఆ క్యాబ్‌లో కూర్చున్నవాడి ఫ్లైట్ మీవాడి ఫ్లైట్ కంటే ముందుందేమో!

లోపల షాపుల వ్యాపారం కోసం లైన్లు పెంచుతున్నారట. లైన్లో ఇరుక్కున్నవాడు కాఫీ ఎప్పుడు కొంటాడు? ఇంతకంటే దీని గురించి రాయను.

పవర్‌బ్యాంక్ చెకిన్ సూట్‌కేసులో పెట్టేస్తే సెక్యూరిటీలో ఆపరు, టైము కలిసొస్తుంది అన్నారు. దయచేసి ఇది ఎవరూ చెయ్యకండి. విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, ఎందుకంటే క్యాబిన్లో పొగ వస్తే ఎవరో ఒకరు చూస్తారు, ఆర్పుతారు, కింద సామాన్ల అరలో మంట అంటుకుంటే చెయ్యి పెట్టేవాడు ఉండడు. 100 వాట్ అవర్ల వరకూ చేతి సంచిలో అనుమతి ఉంది, మామూలుగా మనం వాడే 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్ అవర్లే, ఇబ్బందే లేదు. సూట్‌కేసులో పెడితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది, బ్యాగు ఆపేస్తారు, మీ పేరు పిలుస్తారు, వెళ్ళి తెరిచి తీయాలి. కలిసొస్తుందన్న టైము అక్కడ పోతుంది. దీంతోపాటు ఎండు కొబ్బరి సంగతి కూడా చెప్పేస్తాను. పెళ్ళిళ్ళ నుంచి వచ్చేవాళ్ళు కురిడీలు పెట్టుకొస్తారు. అందులో నూనె ఎక్కువ, మంట అంటుకునే సరుకు కింద లెక్క, విమానంలోకి రానివ్వరు.

ముఖం చూసి గేటు దాటించే డిజియాత్ర యాప్ వాడితే మీ ముఖం ప్రభుత్వం దగ్గరకి పోతుంది, వాడకండి అన్నది అయిదో పాయింటు. 2024 సెప్టెంబర్ 6న మన ఎయిర్‌పోర్టుతో కలిపి తొమ్మిదింటిలో దీన్ని పెట్టారు, ఆ కార్యక్రమం జరిగింది కూడా మన వైజాగ్‌లోనే. ఇది ఇష్టమైతేనే. వివరాలు మీ ఫోన్లోనే ఉంటాయి, ఎయిర్‌పోర్టుకి పంపినవి ప్రయాణం అయిన 24 గంటల్లో తీసేయాలన్నది నిబంధన. మీకు ఆ మాట మీద నమ్మకం లేకపోతే వాడకండి, అది మీ హక్కు, ఆ అనుమానాన్ని నేను తప్పు పట్టను. కానీ మీరు వాడకపోవడం వేరు, కాళ్ళ నొప్పులున్న మా మేనత్తని భయపెట్టి యాప్ తీసేయించడం వేరు. అది ఉంటే ఎంట్రీ గేటు దగ్గర నిలబడే పని తగ్గేది ఆవిడకి. ఒకటి మాత్రం నిజం, లోపల తనిఖీ లైన్ దీంతో తగ్గదు, తనిఖీ చేసే సీఐఎస్ఎఫ్ జవాన్లు అందరినీ ఒకేలా చూస్తారు.

ఆ లైన్ గురించి నేనొక మాట ఒప్పుకోవాలి. నిన్నమొన్నటి వరకూ నేను కూడా 'ముందు వస్తే సరిపోతుంది కదా, గొడవెందుకు' అనేవాణ్ణి. పోయిన నెల పొద్దున్న ఫ్లైట్‌కి వెళ్ళినప్పుడు నా ముందు ఒక పెద్దాయన, ఆయన భార్య, శ్రీకాకుళం అవతల ఎక్కడి నుంచో రాత్రే బయల్దేరి వచ్చారట. టైముకే వచ్చారు, చాలా ముందే వచ్చారు. అరగంట పైగా నిలబడి పెద్దాయన చివరికి ట్రేలు పెట్టే బల్లని పట్టుకుని ఆగిపోయాడు. కూర్చోడానికి చోటు లేదు, ముందుకు పంపించేవాళ్ళు లేరు, ఇంకెంతసేపు పడుతుందో చెప్పే బోర్డు లేదు. వెనకున్న మేమే మాట్లాడుకుని ముందుకు పంపాం. మెసేజ్‌లో లైన్ గురించి రాసిన కోపం నిజమైనదే, దానికి చెప్పిన కారణమే తప్పు.

మన రన్‌వే నేవీది, ఐఎన్ఎస్ డేగా అనే వాళ్ళ విమాన స్థావరానిది. వాళ్ళ విమానాలు ఎగిరే వేళల్లో మన ఫ్లైట్లు దిగడానికీ ఎగరడానికీ స్లాట్లు దొరకవు, అందుకని ఫ్లైట్లు కొన్ని గంటల్లోనే గుంపుగా పడతాయి. ఒక్కోదానిలో 180 మంది పట్టే మూడు ఫ్లైట్లు అరగంట తేడాతో ఉంటే అయిదు వందల నలభై మంది ఒకే తలుపు దగ్గర నిలబడతారు. అది ప్రయాణికుడి తప్పు కాదు. నేవీ తప్పూ కాదు, ఆ రన్‌వే మొదటి పని అదే. కానీ ఆ గంటల్లో ఇంకో ఎక్స్‌రే మెషీన్ దగ్గర మనుషుల్ని పెట్టడం, టైము దగ్గర పడ్డ ఫ్లైట్ వాళ్ళని పిలిచి ముందుకు పంపడం, ముసలివాళ్ళకి నాలుగు కుర్చీలు వెయ్యడం చెయ్యగలిగినవే. అడగాల్సింది వీటిని. ఇంకొకటి కూడా అడగాలి. గాజువాక వైపు వెళ్ళే సిటీ బస్సులు హైవే మీద దింపేసి పోతాయి, అక్కడి నుంచి సామానుతో లోపలికి నడవాలి. టెర్మినల్ దాకా టైము ప్రకారం తిరిగే బస్సు ఉంటే డ్రాప్ లైన్లో సగం కార్లు రావు.

ఎయిర్‌పోర్టు విజయనగరం జిల్లాలోని భోగాపురం వెళ్ళిపోతే ఇవన్నీ పోతాయి, అప్పటిదాకా ఏం అడిగినా దండగ అన్నది ఏడో నిజం. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన ఆ ఎయిర్‌పోర్టుకి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. మొదటి దశలోనే ఏడాదికి 60 లక్షల మంది పట్టేలా కట్టడం తలపెట్టారు, అక్కడి రన్‌వే నేవీది కాదు, వాళ్ళ వేళల గొడవ ఉండదు. విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళకి అది పెద్ద మేలు, ఆ పెద్దాయన లాంటివాళ్ళు రాత్రి బయల్దేరక్కర్లేదు. అనకాపల్లి వాళ్ళకి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం దాకా కొత్త హైవే ఉంది. మరి గాజువాక వాళ్ళకి? ఇప్పుడు పావుగంటలో ఎయిర్‌పోర్టు చేరేవాళ్ళు ఊరంతా దాటి అరవై కిలోమీటర్ల దాకా వెళ్ళాలి. ముప్పావుగంట ముందు చేరితే చాలనే మాట అక్కడ ఇంకా ఎంతమందిని ముంచుతుందో ఆలోచించండి. అక్కడా కౌంటర్ గంట ముందే మూస్తారు.

బాబాయ్‌కి నిన్న రాత్రే ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. 'నేను చదవలేదురా, వచ్చింది కదా అని పంపాను' అన్నాడు. తను పంపిన చోట్ల తీసేస్తానన్నాడు, మూడు గ్రూపుల్లో తీసేశాడు కూడా, నాలుగోదాంట్లో టైము దాటిపోయి తీయడం కుదరలేదట. అక్కడ దీన్ని పెట్టమని అడిగాడు, అందుకే రాశాను. రేపు పొద్దున్న ఆరూ యాభై ఫ్లైట్‌కి మేనత్త హైదరాబాద్ వెళ్తోంది. మధురవాడ నుంచి నాలుగుంపావుకి బయల్దేరుతున్నాం, పార్కింగ్‌లోనే పెడతాను కారు.