సామెతలు 30:28లో ఉన్నది బల్లా, సాలెపురుగా?

బాబాయి: చిన్నవైనా జ్ఞానం గలవని సామెతలు చెప్పే నాలుగు ప్రాణుల్లో చివరిది, చేతులతో పట్టుకోవడం గురించీ రాజుల ఇళ్ళలో ఉండడం గురించీ చెప్పిన వచనం కదా ఇది. 1611 నాటి ఇంగ్లిష్ కింగ్ జేమ్స్ బైబిల్లో అక్కడ స్పైడర్ అనే ఉందమ్మా, సాలెపురుగు. మన తెలుగు బైబిల్లో బల్లి అని పెట్టారు. చిన్నప్పట్నుంచీ సాలెపురుగు మీదే ప్రసంగాలు విన్నాను, ఇప్పుడు బల్లి అంటే ఎలా?

సునీత: విన్నంత మాత్రాన అయిపోదు బాబాయ్. హీబ్రూలో మాట సెమామిత్. యూదులు పాతకాలంలోనే చేసుకున్న గ్రీకు అనువాదంలో కలబోతేస్, జెరోమ్ అనే పాతకాలపు పండితుడి లాటిన్ అనువాదంలో స్టెల్లియో, రెండూ బల్లి జాతే.

బాబాయి: ఆ మాట హీబ్రూ బైబిల్ మొత్తంలో ఒక్కసారే వస్తుంది, పోల్చుకోడానికి ఇంకో చోటు లేదు. ఇప్పుడు ఇజ్రాయెల్‌లో బల్లిని సెమామితే అంటారని చెప్తావేమో, అదీ నిలవదు. లేవీయకాండం 11లో త్సావ్ అనే ప్రాణి పేరు ఉంది చూడు, ఆ మాటకి ఇవాళ్టి హీబ్రూలో తాబేలని అర్థం, అరబీలో దానికి చుట్టమైన దబ్బ్ అనే మాటకి మాత్రం ముళ్ళ తోక ఉండే ఎడారి బల్లి అని. అంటే ఇవాళ్టి అర్థాన్ని బట్టి పాత అర్థం తేల్చలేం.

సునీత: నిజమే, అందుకే ఇవాళ్టి మాట జోలికి పోను. వచనమే చూద్దాం. చేతులతో అని ఉంది, ఆ క్రియకి 'నువ్వు పట్టుకుంటావు' అనీ వస్తుంది, 'అది పట్టుకుంటుంది' అనీ వస్తుంది. ఎలా తీసుకున్నా బల్లికి అతుకుతుంది. నిన్న రాత్రి ట్యూబ్‌లైట్ పక్కన ఒకటి ఉంటే దగ్గరికెళ్ళి చూశాను, ఐదు వేళ్ళూ విడివిడిగా చాపి గోడని పట్టుకునుంది, అచ్చం పసిపిల్ల చెయ్యే. సాలెపురుగుకి కాళ్ళున్నాయి గానీ అలాంటి చేతులెక్కడివి?

బాబాయి: ఆ కాళ్ళతోనేగా గూడు అల్లేది! అయినా బల్లి జాతి లేవీయకాండం అపవిత్రమన్న లిస్టులో ఉంది, చచ్చి మట్టికుండలో పడితే కుండే పగలగొట్టమన్నారు. అలాంటి విషపు పురుగుని జ్ఞానం గలదంటారా?

సునీత: అపవిత్రం వేరు, విషం వేరు. ఇంట్లో తిరిగే బల్లికి విషం ఉండదు.

బాబాయి: మరి పోయినేడు పప్పులో బల్లి పడితే గిన్నెడూ పారబోశాం కదా?

సునీత: పారబోయడం మంచిదే, దాని ఒంటి మీద క్రిములుంటాయి, అంతేగానీ విషమని కాదు. అసలు సంగతి విను. సామెతల్లో ఆ నాలుగిట్లో చీమ, చిన్న కుందేలు, మిడత, తర్వాతే ఇది. ఆ చిన్న కుందేలు, హీబ్రూలో షాఫాన్, లేవీయకాండం 11:5లో అపవిత్రమే. దాన్ని తెలివిగలదని మెచ్చుకున్నప్పుడు బల్లికి అడ్డమేంటి? ఎవరైనా పట్టుకోగలిగినంత చిన్న ప్రాణి రాజుగారి ఇంట్లో దర్జాగా ఉందనే కదా అక్కడ చెప్పేది, నాకు అది చాలా ఇష్టమైన మాట బాబాయ్, ఊరికే వదులుకోలేను.

బాబాయి: కుందేలు సంగతి నాకు తట్టలేదమ్మా. కానీ ఒక్కసారే వచ్చిన మాటకి నూటికి నూరుపాళ్ళు అనకు.

సునీత: అనను. ఆదివారం పిల్లలకి చెప్పేటప్పుడు మాత్రం బల్లి అనే చెప్పు.