సవరణ: పరుగులో ముక్కుతోనే ఊపిరి అన్న మాట గురించి

ప్రకాశం బ్యారేజీ వైపు పొద్దున్నే పరుగెత్తేవాళ్ల కోసం పెట్టిన పోస్టులో "ఎప్పుడూ ముక్కుతోనే పీల్చండి, మూడడుగులకు పీల్చి రెండడుగులకు వదలండి" అని ఉంది. అందులో "ఎప్పుడూ" తీసేసి చదువుకోండి.

ముక్కుతోనే అన్నది నెమ్మది పరుగుకే, అంటే పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగానికే. వేగం పెంచినా, ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు ఎక్కినా ముక్కు ఒక్కటే చాలదు, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. తెరుచుకోనివ్వండి. పళ్లు బిగించి పరుగెత్తితే ప్రాణాయామం అయిపోదు.

3-2 లెక్క అలాగే ఉంటుంది. మొత్తం ఐదడుగులు, బేసి సంఖ్య కాబట్టి ఊపిరి వదలడం ఒకసారి ఎడమకాలి మీద, ఇంకోసారి కుడికాలి మీద మొదలవుతుంది. వేగం పెరిగితే 2-1కి మారవచ్చు. ఈ లెక్క పాటిస్తే డొక్కలో పోటు రాదన్న వాక్యం మాత్రం తొలగించాం. ఆ పోటుకు కారణమేమిటో వైద్యులే ఇంకా కచ్చితంగా తేల్చలేదు. కడుపు నిండా ఇడ్లీలు తిని వెంటనే పరుగెత్తితే పోటు వచ్చే అవకాశం ఎక్కువని మాత్రం తెలుసు.

ఇంకొకటి: మే నెల బెజవాడ ఉక్కపోతలో అదే వేగానికి ఆయాసం ఎక్కువగా ఉంటుంది, వేగం తగ్గించండి. ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తే లెక్కలు మానేసి డాక్టరుకు చూపించుకోండి.