కుర్చీ అశాశ్వతం

మా ఆఫీసుకు వైరాగ్యం మెయిల్లో వచ్చింది. సోమవారం నుంచి ఎవరికీ సొంత సీటు ఉండదు, ఖాళీగా కనిపించిన చోట కూర్చోవచ్చు, సాయంత్రం పోయేటప్పుడు మన ఆనవాలు లేకుండా బల్ల తుడిచి పోవాలి. 'నాది' అనేది ఏదీ లేదని తెలుసుకోవడానికి వెనకటికి మునులు అడవుల్లో ఏళ్ల తరబడి తపస్సు చేశారు. మా హెచ్ఆర్ వాళ్లు నాలుగు పేరాల్లో తేల్చేశారు.

దీన్ని హాట్ డెస్కింగ్ అంటారు. జలాంతర్గాముల్లో చోటు చాలక నావికులు వంతులవారీగా ఒకే పడక మీద పడుకునేవాళ్లు. ఒకడు లేచి డ్యూటీకి వెళితే, ఆ పరుపు చల్లారకముందే ఇంకొకడు వాలేవాడు. పేరు ఆ వేడిలోంచే పుట్టిందంటారు. జలాంతర్గామికి చోటు లేదు, పాపం. ఆఫీసుకు ఉన్నది అద్దె. సెలవు పెట్టినవాళ్లు, ఇంటి నుంచి పనిచేసేవాళ్లు, మీటింగుల్లో కూరుకుపోయినవాళ్లు పోగా రోజూ కొన్ని బల్లలు ఊరికే పడి ఉంటాయి. కాబట్టి పది మందికి ఏడు చాలు. అసలు లెక్క ఇంతే. మెయిల్లో మాత్రం దాని పేరు 'సహకార సంస్కృతి'.

ఈ మోక్షమార్గంలో మనకంటే ముందు నడిచినవాళ్లున్నారు. 1994 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్‌లో షయట్ డే అనే ప్రకటనల సంస్థ సొంత బల్లలు ఎత్తేసింది. పొద్దున్నే కౌంటర్లో ల్యాప్‌టాప్, ఫోన్ తీసుకో, ఎక్కడో ఒకచోట కూర్చో, సాయంత్రం తిరిగిచ్చెయ్. జనం తక్కువవాళ్లా? ల్యాప్‌టాప్‌లు తిరిగివ్వకుండా దాచుకున్నారు. కాగితాలకు కారు డిక్కీలే బీరువాలయ్యాయి. 1998లో ఆ సంస్థ కొత్త భవనానికి మారి, ఎవరి బల్ల వాళ్లకు ఇచ్చేసింది. ఇక సహకారం సంగతి. గోడలు తీసేసిన రెండు పెద్ద కంపెనీల్లో ఉద్యోగుల మెడలో పరికరాలు వేసి కొలిచిన హార్వర్డ్ పరిశోధన 2018లో అచ్చయింది. ఎదురెదురుగా మాట్లాడుకోవడం దాదాపు 70 శాతం తగ్గింది, ఈమెయిళ్లు పెరిగాయి. అందరూ కనిపిస్తుంటే ఎవరితో ఏం మాట్లాడతాం? హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాం.

మా దగ్గర రెండో వారానికే పాత రాజ్యాలు మళ్లీ వెలిశాయి. కిటికీ పక్క సీటు అకౌంట్స్ ఆవిడది. అలాగని ఎక్కడా రాసి లేదు. కానీ అక్కడ కూర్చున్న కొత్త కుర్రాణ్ని ఆవిడ ఏమీ అనకుండా, వెనకే నిలబడి ఓ నిమిషం చూసింది. వాడే లేచాడు. మిగతావాళ్లం కర్చీఫ్ బాపతు: ఒకరిది స్వెట్టర్, ఒకరిది నీళ్ల సీసా, నాది మూడు నెలలుగా చార్జింగ్ అవుతున్న పాడైపోయిన ఫోన్.

మేనేజర్ల బాధ ఇంకా లోతైనది, నిజంగానే జాలేస్తుంది. ఇన్నాళ్లూ తలెత్తితే మనుషులు కనిపించేవాళ్లు. ఇప్పుడు మా మేనేజరు గారు ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని అంతస్తంతా గాలిస్తున్నారు. 'ఎక్కడున్నారు?' అని మెసేజ్ పెడతారు. 'ఇక్కడే సార్' అని జవాబిస్తాం, అబద్ధం కాదు కదా. మొదట్లో ఆదర్శంగా ఉందామని ఆయన హాలు మధ్యలో కూర్చున్నారు. అంత కొరతలోనూ ఆయన చుట్టూ ఆరు కుర్చీలు ఖాళీ! నాలుగో రోజు నుంచి చిన్న మీటింగ్ రూమును పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా 'వ్యూహ సమీక్ష' పేరుతో ఆయనే బుక్ చేసుకుంటున్నారు. సమీక్షలో సభ్యుడు ఒక్కరే. శ్రీరంగనీతులు గోడమీద పోస్టరులో ఉన్నాయి.

మొన్న కరెంటు పని ఉందని ఆ గది మూసేశారు. ఆ రోజు నేను ఏడున్నరకే వచ్చాను, అకౌంట్స్ ఆవిడ సెలవని ముందే తెలుసు కాబట్టి. కిటికీ దగ్గరికి వెళ్లేసరికి అటువైపు నుంచి సార్. ఇద్దరి చేతుల్లో బ్యాగులు, మధ్యలో కుర్చీ.

"కూర్చోండి సార్."

"అబ్బే, మీరే కూర్చోండి. నాకు ఎక్కడైనా ఒకటే" అంటూ ఆయన కోటు విప్పి ఆ కుర్చీకి తగిలించారు.