గ్యారంటీ బ్యాండ్ల దందా

విశాఖ ద్వారకానగర్‌లో ఏ సందులో తలెత్తినా కోచింగ్ సెంటర్ల బోర్డు ఒకటే: ఐఈఎల్‌టీఎస్‌లో ఏడు బ్యాండ్లు గ్యారంటీ. విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఇది, తొమ్మిది బ్యాండ్లకు స్కోరు వేస్తారు. రాకపోతే డబ్బు వాపసట. ఈ గ్యారంటీ ఇవ్వడానికి వీళ్లెవరు? పరీక్ష పెట్టేది వీళ్లు కాదు, దిద్దేదీ వీళ్లు కాదు. స్పీకింగ్‌లో 11 నుంచి 14 నిమిషాలు మాట్లాడించి బ్యాండు వేసేది పరీక్ష సంస్థ ఎగ్జామినర్. పీటీఈ అనే మరో ఇంగ్లిష్ పరీక్షలో అయితే ఆ పని చాలావరకు కంప్యూటర్‌దే. మధ్యలో కోచింగ్ యజమానికి ఏం పని? అయినా గ్యారంటీ ఇస్తున్నాడంటే అబద్ధమైనా ఆడుతుండాలి, దొడ్డిదారైనా చూసి ఉండాలి.

ఒళ్లు దాచుకోకుండా చదువు చెప్పే మాస్టార్లు ఈ నగరంలో ఉన్నారు, కాదనం. వాళ్లు గ్యారంటీలు అమ్మరు.

పరీక్ష ఫీజే 17 వేలు దాటింది. స్కోరు చెల్లేది రెండేళ్లు. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్‌లలో ఒక్కోదాంట్లో 7, రైటింగ్‌లో 6.5 రావాలి. ఓవరాల్ ఏడు వచ్చినా రైటింగ్‌లో ఆరే ఉంటే ఆ ఒక్క స్కోరుతో పని జరగదు. కెనడాలో స్థిర నివాసానికి దారైన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి ఐఈఎల్‌టీఎస్ రెండు రకాల్లో జనరల్ ట్రైనింగ్ రాయాలి, అకడమిక్ చెల్లదు. పిల్లలకు ముందు చెప్పాల్సినవి ఇవీ. బోర్డు మీద మాత్రం ఆ ఏడు అంకె ఒక్కటే వెలుగుతుంటుంది.

దొడ్డిదారి ఎక్కడికి పోతుందో 2014లో బ్రిటన్‌లో చూశాం. వీసా కోసం రాసే టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్షలో ఒకరి బదులు మరొకరు రాయడం, జవాబులు చదివి వినిపించడం టీవీ కెమెరాకు చిక్కాయి. ఆ తర్వాత వేల మంది విద్యార్థుల వీసాలు పోయాయి. తప్పు చేయనివాళ్లు కూడా కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగారు. వాళ్లలో మన దేశం పిల్లలూ ఉన్నారు. రేపు విశాఖ పేరు అలా బయటపడితే, రాత్రింబవళ్లు కూర్చుని సొంతంగా ఏడు తెచ్చుకున్న పిల్లనూ వీసా అధికారి అనుమానంగానే చూస్తాడు. గ్యారంటీ అమ్మినవాడు అప్పటికి బోర్డు మార్చేసి ఉంటాడు.

చట్టం లేదని తప్పించుకోవడానికి లేదు. కోచింగ్ సెంటర్లు మార్కులకు, సీట్లకు గ్యారంటీ అంటూ తప్పుడు ప్రకటనలు ఇవ్వరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. మరి ఈ గ్యారంటీ బోర్డులు ఇంకా ఎలా నిలబడి ఉన్నాయి? రోడ్డు పక్క ఇడ్లీ బండిని గంటలో ఎత్తించే యంత్రాంగానికి ఆర్టీసీ కాంప్లెక్స్ ఎదుట నిలువెత్తు అబద్ధం కనిపించడం లేదా? తల్లిదండ్రులనూ ఒక మాట అనక తప్పదు. కిలో వంకాయలకు పది ప్రశ్నలు వేసేవాళ్లు వేలకు వేలు కట్టేటప్పుడు ఆ గ్యారంటీని కాగితం మీద రాసిమ్మని ఎందుకు అడగరు?