బెంగళూరు చెరువుల్లో క్యాట్‌ఫిష్‌ను మేపుతున్నది మన మురుగే

ఎండలు ముదిరి చెరువుల్లో నీళ్లు అడుగంటే రోజుల్లో బెంగళూరు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తిరుగుతుంటుంది. నల్లటి జారుడు ఒళ్లు, మూతికి మీసాలు, మనిషి చేయంత పొడవు. ‘ఇదేం చేప? పిల్లల్ని కరుస్తుందా?’ అని టెన్షన్. చాలాసార్లు అది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. మన దేశంలో దాని పెంపకాన్ని 2000లోనే నిషేధించారు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ మళ్లీ గట్టిగా చెప్పింది. అధికారుల దాడులు, పట్టిన చేపలను గుంతలు తీసి పూడ్చిపెట్టడాలు అన్నీ చూశాం. అయినా పోవడం లేదు. పోదు కూడా, అది బతికే నీళ్లను మనం రోజూ తయారుచేస్తున్నంత కాలం.

ముందు గుర్తుపట్టడం సంగతి. మన మార్పు చేపకు ఇది దగ్గరి చుట్టం కాబట్టి మార్కెట్లో ఆ పేరుతోనే అంటగడతారు. రెండింటికీ నాలుగు జతల మీసాలే, రెండింటికీ పొలుసులుండవు. మార్పు మూరెడు పెరిగితే గొప్ప. ఇది ఒకటిన్నర మీటర్ల దాకా సాగుతుంది. చిన్న చేప అయితే తల చూడాలి. నడినెత్తి మీద బొటనవేలు పెట్టి వెనక్కి జరిపితే గట్టి ఎముక అయిపోయి మెత్తటి కండ మొదలయ్యే అంచు తగులుతుంది. మార్పుకు ఆ అంచు సన్నగా ‘వి’ అక్షరంలా దిగుతుంది. ఆఫ్రికన్ రకానికి వెడల్పుగా, ‘డబ్ల్యూ’లా ఉంటుంది. వీపు మీద బూడిద, నలుపు మచ్చలు కలగలిసి ఉంటాయి, పొట్ట తెల్లన. కొనేముందు ఆ మాత్రం చూసుకోవడం ఎవరికైనా చేతనయ్యే పనే.

దీని సొంత గడ్డ నైలు నది, ఆఫ్రికా వరద మైదానాలు, బురద మడుగులు. మొప్పల పైన కొమ్మలుగా చీలిన ఒక అవయవం ఉంటుంది, దాంతో నీటిపైకి వచ్చి నేరుగా గాలి పీలుస్తుంది. నేల తడిగా ఉంటే రెక్కల ముళ్లు ఊతగా పాక్కుంటూ పక్క గుంటకు చేరుతుంది. రాత్రిళ్లు వేట. చేపలు, కప్పలు, నత్తలు, చచ్చి కుళ్లినవి, ఏదీ వదలదు.

ఇప్పుడు 2016 మార్చిలో ఉల్సూరు చెరువును గుర్తు చేసుకోండి. వేల చేపలు చచ్చి తేలాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి. మురుగు చేరిన చెరువులో బ్యాక్టీరియా ఆ మలినాన్ని అరగదీస్తూ ఆక్సిజన్‌ను లాగేస్తుంది, తెల్లవారుజాముకు అది మరీ తగ్గిపోతుంది. అలాంటి వేళ బొచ్చె, శీలావతి నోళ్లు తెరుచుకుని పైకొచ్చి గిలగిలా కొట్టుకుని చచ్చిపోతాయి. క్యాట్‌ఫిష్ ఒక గుక్క గాలి మింగి కిందికి దిగిపోతుంది, తర్వాత ఆ చచ్చినవాటినే తింటుంది. మురుగు వదిలిన ప్రతిసారీ దాని పోటీదారులను మనమే చంపుతున్నాం, దానికి భోజనమూ మనమే పెడుతున్నాం.

మరి కొర్రమీను? అదీ గాలి పీల్చే చేపే, అదీ వేటాడేదే. తెలంగాణ రాష్ట్ర చేప కూడా. అది ఈ నగరంలో ఎందుకు నిలబడలేకపోతోంది? నాకు కోపం వచ్చేది ఇక్కడే. కొర్రమీను లోతులేని ఒడ్డు నీళ్లలో, గడ్డి, తుంగ మధ్య గూడు కట్టి గుడ్లు పెడుతుంది. తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. పల్లెల్లో పెరిగినవాళ్లు ఒడ్డున ఎర్రటి పిల్లల గుంపు, దాని కిందే కదలకుండా ఉండే పెద్ద చేపను చూసే ఉంటారు. బెంగళూరులో చెరువును ‘అభివృద్ధి’ చేయడమంటే గిన్నెలా లోతుగా తవ్వి, చుట్టూ రాళ్లు పేర్చి, పైన వాకింగ్ ట్రాక్ వేయడం. తుంగ పోయింది, పల్లపు ఒడ్డు పోయింది. కొర్రమీను గుడ్లు ఎక్కడ పెట్టాలి? క్యాట్‌ఫిష్‌కు ఆ ఇబ్బంది లేదు. హార్మోన్ ఇంజెక్షన్లతో దాని పిల్లలను తీసి, చాటుమాటు చెరువుల్లో పెంచే మనుషులున్నారు. వాన ముదిరి గట్టు పొంగితే కాలువే దారి.

పేదవాడికి చవకగా దొరికే చేప, దాన్నీ తీసేస్తారా అని అడిగేవాళ్లున్నారు. చవకే. కోళ్ల, కబేళా వ్యర్థాలు మేపితే ఏదైనా చవకగానే వస్తుంది. బొచ్చె, శీలావతి బతికే చెరువు ఉంటే అవీ పేదవాడి పళ్లెంలోకి వస్తాయి, మన మత్స్యకారుడికి వలా నిండుతుంది.

నన్ను ఇంకా ఎక్కువ కలవరపెట్టేది కోలార్. బెంగళూరులోని కోరమంగళ-చల్లఘట్ట లోయ మురుగును శుద్ధి చేసి 2018 నుంచి కోలార్ జిల్లా చెరువులకు పంపుతున్నారు. రోజుకు 440 మిలియన్ లీటర్లు లక్ష్యం. ఏడాది పొడవునా పారే నది లేని జిల్లాకు నీళ్లు రావడం మంచిదే, కాదనను. కానీ ఆ శుద్ధి రెండో దశతో ఆగిపోతుంది. నత్రజని, భాస్వరం చాలావరకు నీళ్లలోనే ఉండిపోతాయి. నాచుకు, గుర్రపుడెక్కకు అవే ఎరువు, అవి పెరిగి కుళ్లితే మళ్లీ ఆక్సిజన్ పడిపోతుంది. అంటే బెంగళూరు చెరువుల జబ్బుకు మూలమైన సరుకు ముల్బాగల్, శ్రీనివాసపుర వైపు, మన తెలుగు పల్లెల వైపు ప్రయాణమవుతోంది. గొట్టంలో చేప వెళ్తుందని నేననడం లేదు. దానికి నచ్చే నీళ్లు వెళ్తున్నాయి, పిల్లలను తెచ్చి వదిలేవాళ్లకు కొదవ లేదు. అక్కడి చెరువులు గొలుసుకట్టు, ఒకటి నిండితే రెండోదానికి. ఆ నేల మీదుగానే పాలార్ నది కుప్పం వైపు దిగుతుంది.

ఆ నత్రజని, భాస్వరాన్నీ తీసేసే మూడో దశ శుద్ధి కావాలని కోలార్ రైతులు ఏళ్లుగా అడుగుతున్నారు. ఆ మురుగులో బెళ్లందూరులో, మారతహళ్లిలో అద్దెకుండే తెలుగువాళ్లదీ వాటా ఉంది. ఆ ఖర్చు బెంగళూరు భరించాలి, దానికోసం నీటి బిల్లు కాస్త పెరిగినా సరే.